డోర్నకల్లు: మన రైలుమార్గమునందలి కెథీడ్రల్ పట్టణము

మన ఉన్నత పాఠశాల విద్యార్థులలో పలువురు సెలవులకు ఇండ్లకు పోవునపుడును, మరల వచ్చునపుడును డోర్నకల్లు జంక్షనులో బండి మారుచుందురు. కొత్తగూడెము వైపు పోవు బండి వచ్చువరకు ప్లాటుఫారము మీద మూటలపై కూర్చుండి వేరుసెనగకాయలు ఒలుచుకొని తినుచు కాలము గడపుదురు. ఆ ఊరు వారికి తెలిసినది అంతమాత్రమే. డోర్నకల్లులో చూడదగినది ఏమున్నదని మేము తరగతిలో అడిగినప్పుడు “జంక్షనున్నది” అను ప్రత్యుత్తరమే వచ్చినది. ఒకడు మాత్రము “బిషప్పుగారి గుడి యున్నది, సార్” అనెను. ఆ గుడిని ఎవరు కట్టించిరి, దానికి మసీదునకువలె గుమ్మటములేల, కోవెలకువలె స్తంభములేల అని అడుగగా వాడును తెల్లబోయెను. బిడ్డల తప్పు కాదు. మన పాఠ్యపుస్తకములలో ఓరుగల్లు కోట కలదు, భద్రాచల రామాలయము కలదు, గోలకొండ కలదు; డోర్నకల్లు లేదు. కావున ఈ ఏటి సంచికలో దానినిగూర్చి కొంత వివరింపదలచితిమి.

మొదట కెథీడ్రల్ అను మాట. పెద్ద గుడిని కెథీడ్రల్ అందురని మనవారిలో ఒక తలంపు కలదు. అది సరికాదు. గ్రీకు భాషలో ‘కథెద్ర’ యనగా ఆసనము, కుర్చీ. ఏ దేవాలయములో బిషప్పు ఆసనముండునో అదియే కెథీడ్రల్. అది తాటాకు పందిరియైనను కెథీడ్రలే. ఆ ఆసనము లేనిచో, గోపురము ఆకాశము నంటినను అది కెథీడ్రల్ కానేరదు. ఫ్రాన్సు దేశములో ఇట్టి ఆసనములుండిన చిన్న చిన్న పట్టణములు పెక్కు కలవు. లాఁ, సాన్లిస్, న్వయోఁ అనునవి జనసంఖ్యలో మన తాలూకా పట్టణములను మించినవి కావు. అయినను ఒక్కొక్కదానియందు పండ్రెండవ శతాబ్దమున మొదలిడిన మహాదేవాలయము నేటికిని నిలిచియున్నది. లాఁ పట్టణము ఒక కొండమీద నున్నది. అక్కడి దేవాలయపు గోపురములపైనుండి పదునారు రాతి ఎద్దులు క్రిందికి తొంగిచూచుచుండును. రాళ్లబండ్లను కొండమీదికి లాగిన ఎద్దుల గౌరవార్థము వానిని చెక్కిరని చెప్పుదురు. ఒకనాడు ఎద్దొకటి అలసి కూలబడగా, ఎక్కడిదో తెలియని మరియొక ఎద్దు వచ్చి కాడి క్రింద మెడ పెట్టెనని అచ్చటివారు చెప్పుకొను కథ. ఎద్దు విలువ యెరిగిన మన పల్లెటూరి పిల్లలకు ఈ కథ ఇట్టే అర్థమగును. అయితే ఫ్రెంచి విప్లవానంతరము, 1801లో జరిగిన ఏర్పాటుచేత, ఈ మూడు పట్టణములును తమ బిషప్పులను పోగొట్టుకొనినవి. భవనము నిలిచినది, కెథీడ్రల్ అను పేరు నిలిచినది, ఆసనమున కూర్చుండువాడు లేడు. డోర్నకల్లు చరిత్ర దీనికి తలక్రిందులు. అక్కడ ముందుగా బిషప్పు వచ్చెను. ఆయన గుడి ఇరువదియారేండ్ల తరువాత వచ్చినది.

డోర్నకల్లు ప్రాచీన పట్టణము కాదు. కాకతీయుల రాజధానికిని కృష్ణాతీరమునకును నడుమనున్న చిట్టడవి సీమలో అదియొక పల్లె. దానిని లోకమునకు తెలిపినవి రెండు: ఇనుప పట్టాలు, నేలబొగ్గు. 1871లో భూగర్భ పరిశోధనశాఖకు చెందిన డాక్టరు విలియం కింగు యెల్లందు సమీపమున బొగ్గు గనులను కనుగొనెను. నిజాము రాష్ట్రపు రైలుమార్గము 1886లో వరంగల్లునకును, 1889లో బెజవాడకును చేరినది. యెల్లందు బొగ్గును ప్రధాన మార్గమునకు తెచ్చుటకు వేసిన శాఖ డోర్నకల్లునొద్ద కలియుటచే ఆ పల్లె జంక్షనైనది. తరువాత 1927 ప్రాంతమున కారేపల్లి నుండి కొత్తగూడెము వరకు మరియొక శాఖ సాగినది. ఆ కొస స్టేషనునకు ‘భద్రాచలము రోడ్డు’ అని పేరు. ఆ పేరు నమ్మి దిగి, గుడి యెక్కడనని వెదకిన యాత్రికులెందరో! గోదావరియు రామాలయమును అక్కడికి ఇంకను నలుబది కిలోమీటర్ల దూరమున నున్నవి. రైల్వేవారు పెట్టిన పేర్లలో ఇంతటి ఆశావాదము మరెక్కడను కానరాదు.

ఇట్టి చోటికి క్రైస్తవ బోధ వచ్చిన విధము విచిత్రమైనది. తెలుగుదేశమున మిషనులన్నియు సముద్రము దాటి వచ్చినవే యని మనము చదివితిమి. డోర్నకల్లు మిషను మాత్రము సముద్రము దాటలేదు. కావేరిని, పెన్నను, కృష్ణను దాటినది. తమిళదేశపు దక్షిణపు కొసనున్న తిరునల్వేలి జిల్లా క్రైస్తవులు, తామెంతకాలము ఇతరుల ధనముచే పోషింపబడుదుమని తలపోసి, 1903 ఫిబ్రవరి 12వ తేదీన తమలో తాము ఒక భారత మిషనరీ సంఘమును స్థాపించుకొనిరి. ధనము వారిదే, మనుష్యులును వారివారే. ఎచ్చటికి పోవలెనను ప్రశ్న వచ్చినప్పుడు, అప్పటి మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్డు దొరగారు నిజాము రాష్ట్రములోని మానుకోట తాలూకాను చూపిరి. (ప్రసిద్ధ తత్త్వవేత్తయు గణితజ్ఞుడునగు ఆల్ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్డు ఈయనకు తమ్ముడు. గణితమన్న భయపడు విద్యార్థులు దీనిని జ్ఞాపకముంచుకొననక్కరలేదు.) 1904లో తొలి తమిళ మిషనరీ ఇచ్చటికి వచ్చెను. వచ్చినవారికి తెలుగు అక్షరము రాదు, ఇక్కడి జొన్నసంకటి అలవాటు లేదు, మన్యపు జ్వరము అంతకన్న లేదు. లండనునుండి వచ్చిన దొరకు మన భాష ఎంత పరాయిదో, తిరునల్వేలినుండి వచ్చినవానికిని ఇంచుమించు అంతే పరాయిది. అయినను వచ్చి నేర్చుకొనిరి.

ఆ సంఘమును నెలకొల్పినవారిలో ముఖ్యుడు వేదనాయగము శామ్యూలు అజరయ్యగారు. ఆయన 1874 ఆగస్టు 17వ తేదీన వెళ్ళాళన్‌విలై యను గ్రామములో ఒక పల్లె గురువునకు కుమారుడుగా జన్మించెను. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివెను. 1895 మొదలు వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణదేశమంతయు తిరిగెను. 1905 క్రిస్మసు దినమున శ్రీరాంపురములో జాతీయ మిషనరీ సంఘము ఏర్పడినప్పుడు దానికిని ఆయనయే కార్యదర్శి. ఆయన భార్య అంబు మరియమ్మాళ్ గారు తిరునల్వేలి క్రైస్తవ స్త్రీలలో కళాశాల చదువు చదివిన మొదటివారిలో ఒకరు. పట్టణములలో ఉపన్యాసములిచ్చుచు, పత్రికలు నడుపుచు సుఖముగా నుండదగిన ఉద్యోగమది. ఇతరులను పల్లెలకు పొండని చెప్పుచు తాను పోకుండుట తగదని ఆయనకు తోచెను. 1909లో ముప్పదియైదేండ్ల వయసున గురువుగా అభిషేకము పొంది, కుటుంబసహితముగా డోర్నకల్లు చేరెను. ఆ వయసున ఓనమాలు దిద్దుటకు కూర్చుండుట ఎట్టిదో, పెద్దవయసున కొత్త లిపి నేర్వబూనినవారికే తెలియును.

మరుసటి యేడు, అనగా 1910లో, స్కాట్లండు రాజధానియగు ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినది. ఆ సభలో ప్రతినిధులు వేయిమందికి పైబడి యుండగా ఆసియా ఖండమువారు ఇరువదిమందికి మించలేదు. అజరయ్యగారికి ఇచ్చిన విషయము, దేశీయ సేవకులకును పాశ్చాత్య మిషనరీలకును గల సంబంధము. మర్యాదగా నాలుగు మాటలు చెప్పి దిగిపోవచ్చును. ఆయన అట్లు చేయలేదు. మిషనరీలు తమ ఆస్తిని బీదలకిచ్చుదురు, శరీరమును సైతము అర్పింతురు, అది మేము మరువము. అయితే వారు మాతో కూర్చుండి భుజింపరు, మమ్ము ఇంటికి పిలువరు. మాకు కావలసినది స్నేహము, మాకు స్నేహితులను దయచేయుడు అని ముఖముమీదనే చెప్పెను. సభలో కొందరికి కోపము వచ్చెను, కొందరు మౌనము వహించిరి. నూరేండ్లు దాటినను ఆ ఉపన్యాసము ప్రపంచ క్రైస్తవ చరిత్రలో మరువబడలేదు. ఆ మాట పలికినవాని పేరు క్రింద సభాపత్రములలో వ్రాయబడిన ఊరి పేరు మన జంక్షనే యని మా విద్యార్థులు గుర్తెరుగవలెనని మా కోరిక.

అట్టివానిని బిషప్పుగా నియమింపవలెనని వైట్‌హెడ్డు దొరగారు తలపెట్టగా తెల్లవారినుండియు, కొందరు దేశీయులనుండియు ఆక్షేపణలు బయలుదేరెను. నల్లవాని చేతిక్రింద తెల్ల గురువులు పనిచేయుదురా యని కొందరు. ఈయన జన్మించిన కులమేది, అగ్రకులమునుండి వచ్చిన క్రైస్తవులు ఈయన చేతితో సంస్కారము పుచ్చుకొందురా యని కొందరు. తుదకు 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింటు పాల్ కెథీడ్రలులో పదునొకండుగురు బిషప్పులు ఆయన శిరముపై హస్తములుంచి అభిషేకించిరి. ఆంగ్లికను సంఘమున బిషప్పైన మొదటి భారతీయుడు ఆయనయే. అప్పటికి ఆయన వయసు 38 సంవత్సరములు. ఇచ్చిన అధ్యక్షఖండము మాత్రము చాల చిన్నది. ఆయనకు నమ్మి అప్పగించినది బ్రిటిషు ఇండియాకు వెలుపల, నిజాము రాజ్యములో, అడవి అంచున ఒక మూల. చేతిక్రింద దేశీయ గురువులు ఆరుగురు. పరీక్షార్థమై ఇచ్చినట్లే యున్నది. ఆ పరీక్షలో ఆయన నెగ్గెననుటకు నిదర్శనమేమనగా, 1920 తరువాత కృష్ణా మండలములోని చర్చి మిషనరీ సంఘము వారి సంఘములును, పిమ్మట నంద్యాల వైపు సంఘములును ఆయన పాలన క్రిందికి తేబడెను. ఆయన జీవితాంతమునకు ఆ అధ్యక్షఖండపు క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలను దాటినది.

ఆ రెండు లక్షలమంది ఎవరు? ఈ ప్రశ్నను దాటవేసి డోర్నకల్లు చరిత్ర చెప్పుట సాధ్యము కాదు. వారిలో అత్యధికులు మాలలు, మాదిగలు. ఊరి బావికి దూరముగా, ఊరికి వెలుపల, వెట్టికి కట్టుబడి బ్రతికినవారు. వారిలో చదువు వచ్చినవాడు వందకొకడు లేడు. బిషప్పుగారు ఎడ్లబండిమీద పల్లె పల్లెకు పోయి వారి నడుమ కూర్చుండి బోధించెను. బాప్తిస్మము పొందిన ప్రతి స్త్రీని, ప్రతి పురుషుని తమ చేయి తమ తలపై పెట్టుకొని, తాము బాప్తిస్మము పొందినవారమనియు, సువార్త చెప్పకుండుట తమకు శ్రమయనియు పలుకుమనెడివాడు. జీతగాండ్రే బోధకులను భావమును ఆయన ఇట్లు పెకలించెను. స్త్రీలు వంటకు బియ్యము కొలుచునపుడు పిడికెడు తీసి వేరుకుండలో వేసి ఆదివారము గుడికి తెచ్చు ఆచారమును ఆయన మిక్కిలి ప్రోత్సహించెను. క్రైస్తవ దానమునుగూర్చి ఒక గ్రంథమునే వ్రాసెను. కటిక బీదలయొద్ద కానుక అడుగుట క్రూరము కాదా యని కొందరందురు. మేము అట్లు తలంపము. ఇచ్చుటకు తనయొద్ద ఏమియు లేదని తరతరములుగా నమ్మింపబడినవానికి, నీవును ఇయ్యగలవు అని చెప్పుట అతనిని మనిషిగా నిలబెట్టుటయే.

కులమును గూర్చి ఆయన కఠినుడు. మాల సంఘమొకటి, మాదిగ సంఘమొకటి యని విడివిడిగా కూర్చుండుటకు ఆయన ఒప్పుకొనలేదు. ఒకే పాత్రనుండి ప్రభుసంస్కారము పుచ్చుకొనవలెననెను. అది ఎంతవరకు నెరవేరినదో మన చదువరులకు మేము చెప్పనక్కరలేదు. కొన్ని పల్లెలలో నేటికిని రెండు గుడులు కలవు, పెండ్లి మాటలు వచ్చినప్పుడు పాత పేర్లు మరల బయటికి వచ్చును. మన వసతిగృహములో ఒకే వరుసను కూర్చుండి భోజనము చేసిన బాలురే ఇండ్లకు పోయిన పిమ్మట దారులు మార్చుకొనుట మేమెరుగుదుము. రాజకీయములలో సైతము ఆయన తన మార్గము తానే చూచుకొనెను. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదనెను. ఈ విషయమున జాతీయవాదులకు దగ్గరివాడు. గ్రామములలో సామూహిక బాప్తిస్మములనుగూర్చి 1930 తరువాతి యేండ్లలో గాంధీ మహాత్మునితో భేదించెను. ఇద్దరును దేశభక్తులే, ఇద్దరును హరిజనుల మేలు కోరినవారే. అయినను ఏకాభిప్రాయమునకు రాలేదు. అట్టి భేదములుండవచ్చునని విద్యార్థులు తెలిసికొనుట మంచిది.

మన అడవి వైపునకు ఈ కథతో గల సంబంధము కొంత చెప్పవలెను. డోర్నకల్లు అధ్యక్షఖండము ఏర్పడుటకు అర్ధశతాబ్దము ముందే, గోదావరి యొడ్డున భద్రాచలమునకు ఎగువనున్న దుమ్ముగూడెములో క్రైస్తవ సేవ ఆరంభమైనది. గోదావరిమీద పడవలు నడుపుటకు కాలువలు, ఆనకట్టలు కట్టు పనిలో నుండిన హెయిగ్ అను ఇంజనీరు దొర ఇచ్చటి కోయలను చూచి జాలిపడి, 1860 ప్రాంతమున ఈ సేవకు దారితీసెను. పడవల పథకము 1871లో విడిచిపెట్టబడినది. దుమ్ముగూడెమునొద్ద ఆ రాతికట్టడములు మాత్రము నిలిచినవి. మిషను పని విడువబడలేదు. అక్కడ చాలకాలము పనిచేసిన జాన్ కెయిన్ దొరగారు కోయభాష నేర్చి, లూకా సువార్తను ఆ భాషలోనికి మార్చెను. లిపి లేని భాష తొలిసారి అచ్చులో కనబడినప్పుడు ఆ భాష పలుకువారికి కలుగు భావము, తెలుగు మాతృభాషగా గల మనకు ఊహింప శక్యము కాదు. మన తరగతులలో తెలుగు తడబడు కోయ బాలుని చూచి నవ్వువారు దీనిని తలంచుకొందురుగాక.

ఇక దేవాలయము. బిషప్పుగారు దానిని తలపెట్టినది ముందే. ధనము లేనందున ఏండ్ల తరబడి కొంచెము కొంచెముగా సాగినది. కట్టుటకన్న ముందు తేల్చవలసిన ప్రశ్న యొకటి యుండెను. ఏ విధమున కట్టవలెను? అప్పటివరకు మన దేశమున మిషనరీలు కట్టిన గుడులు పెక్కు ఐరోపా పద్ధతివే. దీనికి గొప్ప ఉదాహరణము మన రాష్ట్రములోనే కలదు. మెదకులో పాస్నెట్టు దొరగారు 1914లో ఆరంభించి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపజేసిన దేవాలయము వంద అడుగుల వెడల్పు, రెండువందల అడుగుల పొడవు గలది. దాని గోపురము ఇంచుమించు 175 అడుగుల ఎత్తు. రంగుటద్దముల కిటికీలగుండ వెలుతురు పడు వేళ అందు నిలువబడినవాడు దానిని మరువజాలడు. కరవు కాలములో వేలమందికి ఆ పని కూడు పెట్టెను. అయితే అది ఫ్రాన్సులో పుట్టి ఇంగ్లండులో పెరిగిన గోథికు శిల్పము. మెదకు గడ్డమీద నిలిచిన అతిథి.

అజరయ్యగారు వేరుదారి తొక్కిరి. ఆయన దేవాలయమున మూడు శిల్పపద్ధతులు కలిసియున్నవి. ఇచ్చట కొంచెము ఆగి, వానిలోని భేదమును వివరింతుము. ఏలయన గుడిని చూచుట వేరు, గుడిని చదువుట వేరు.

మన కాకతీయుల పద్ధతి స్తంభము, దూలము. రెండు కంబములు నిలిపి వానిపై రాతి దూలము పరచుట. రాయి నొక్కుడును ఎంతైన ఓర్చును గాని వంపును ఓర్వదు. దూలము పొడవైన కొలది నడుమ విరుగును. కావుననే స్తంభములు దగ్గరదగ్గరగా నిలుపవలెను. 1163 నాటి హనుమకొండ వేయిస్తంభముల గుడిలో అన్ని స్తంభములుండుటకు భక్తి ఒక్కటే కారణము కాదు, రాతి గుణమును కారణమే. మంటపములో నిలిచిన కన్నులకు ఎటు చూచినను కంబములే కానవచ్చును. నీడ, చల్లదనము కలుగును. సుల్తానుల కాలమున వచ్చినది కమాను, గుమ్మటము. చిన్న చిన్న రాళ్లు ఒకదాని నొకటి నెట్టుకొనుచు నిలుచును, దూలము అక్కరలేదు, విశాలమైన స్థలమును కంబము లేకుండ కప్పవచ్చును. అయితే గుమ్మటము తన బరువుచే గోడలను వెలుపలికి నెట్టును. అందుచేత గోడలు దళముగా నుండవలెను, లేదా మూలలందు మీనారులవంటి బరువులు ఉండవలెను. ఐరోపావారు ఆ నెట్టుడునకే గోడల వెలుపల రాతి ఊతకోలలు ఏర్పరచి, గోడలను పలుచన చేసి అద్దములు బిగించిరి. వారి దేశమున సూర్యుడు అరుదు, కావున వెలుతురు కావలెను. మన దేశమున సూర్యునినుండి తప్పించుకొనుటయే పని. మెదకులో రంగుటద్దములు అందమే గాని, వేసవిలో మనకు మంటపపు నీడయే ఆరోగ్యము.

డోర్నకల్లు దేవాలయమున స్తంభముల వరుసలు మన మంటపముల వలె నున్నవి, వానిపై తామరపూవుల చెక్కడములు కలవు. పైని గుమ్మటములును మీనారులును మహమ్మదీయ శిల్పమునకు చెందినవి. లోపలి ఏర్పాటు, అనగా సంఘము కూర్చుండు నడిమిశాల, దాని కొసను ప్రభుబల్ల, బిషప్పు ఆసనము, ఇవి క్రైస్తవ సంప్రదాయము. వీనియన్నిటిపైని సిలువ. ఈ దేశపు మతములన్నిటి శిల్పసంపదను క్రీస్తు పాదములయొద్ద ఉంచవచ్చునని ఆయన అభిప్రాయము. నిజాము రాజ్యములో హిందువులును ముసల్మానులును ఇరుగుపొరుగుగా నుండిన గడ్డమీద ఈ కలయిక సహజముగనే యున్నది.

అందరును మెచ్చుకొనలేదు. ‘ఇది గుడియా, మసీదా? విగ్రహములను విడిచి వచ్చిన మాకు మరల కోవెల స్తంభములేల?’ అని గొణిగిన పెద్దలను మేమెరుగుదుము. వారి బాధ అర్థరహితము కాదు. ఏ కోవెల ముంగిట తమ తాతలను నిలువనీయలేదో, ఆ కోవెల రూపమును తమ ప్రార్థనాలయములో చూచుట వారికి కష్టమే. అయితే మరియొక వైపును చూడవలెను. క్రైస్తవుడైనవాడు పరదేశి యగునను నింద మన విద్యార్థులు ఇప్పటికిని వినుచున్నారు. మీ దేవుడు దొరల దేవుడు, మీ గుడి దొరల గుడి అను మాటకు ఈ రాతికట్టడము మాటలేకుండ బదులు చెప్పుచున్నది. కోవెల స్తంభము ఒక కులమువారి సొత్తు కాదు. దానిని చెక్కిన చేతులు ఎవరివో తలంచిన అది తెలియును. శిల్పదృష్టితో చూచిన, గుమ్మటములకును క్రింది స్తంభములకును పొందిక అన్నిచోట్ల సరిగా కుదిరినదని మేము చెప్పజాలము. వేర్వేరు ఊళ్లనుండి వచ్చిన చుట్టములు ఒకే పెండ్లిపందిట కూర్చున్నట్లు కొంత బిడియము కానవచ్చును. అయినను రెండింటిలో ఏది మన ఇల్లు అని అడిగిన, మేము డోర్నకల్లువైపే వ్రేలు చూపుదుము.

1938 డిసెంబరులో మద్రాసు చెంతనున్న తాంబరములో అంతర్జాతీయ మిషనరీ మహాసభ జరిగినది; ఎడింబరోలో ఇరువదిమంది లేని తూర్పుదేశస్థులు తాంబరమునకు పెద్దసంఖ్యలో వచ్చిరి. జాతీయ క్రైస్తవ సమితి అధ్యక్షుడుగా అజరయ్యగారు అందు ప్రముఖులు. సభ ముగిసిన కొలది దినములకే, 1939 జనవరి 6వ తేదీన, డోర్నకల్లు దేవాలయ ప్రతిష్ఠ జరిగినది. ఆ దినము ఎపిఫనీ, అనగా ప్రత్యక్షత పండుగ. తూర్పుదిక్కునుండి జ్ఞానులు నక్షత్రమును చూచి వచ్చి శిశువగు క్రీస్తును పూజించిన దినము. దేవాలయమునకు ఎపిఫనీ కెథీడ్రల్ అని పేరుపెట్టుటలో అర్థమిదియే. ఆ జ్ఞానులు తమ దేశపు బంగారమును, సాంబ్రాణిని, బోళమును తెచ్చిరి. యెరూషలేము అంగడిలో కొనితేలేదు.

ప్రతిష్ఠానంతరము ఆరేండ్లు బిషప్పుగారు జీవించిరి. 1945 జనవరి 1వ తేదీన, 70 ఏండ్ల వయసున, డోర్నకల్లులోనే కన్నుమూసిరి. దేవాలయము ప్రక్కనే ఆయనను సమాధిచేసిరి. ఆయన జీవితమంతయు కోరిన ఒక కార్యము మాత్రము కండ్ల చూడలేదు. 1919లో తరంగంబాడిలో కూడిన వేర్వేరు సంఘముల గురువులతో కలిసి, దక్షిణదేశపు క్రైస్తవసంఘములు ఒకటి కావలెనని ఆయన పిలుపునిచ్చెను. పరదేశములలో పుట్టిన తగవులను మన పల్లెటూళ్లకు ఏల తేవలెనని ఆయన ప్రశ్న. ఆ చర్చ ఇరువదియెనిమిదేండ్లు సాగి, 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింటు జార్జి కెథీడ్రలులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడుటతో ముగిసినది. ఆయన పోయి మూడేండ్లైనను నిండలేదు. విచారకరమైన దేమనగా, ఆయన పాలించిన అధ్యక్షఖండములోనే నంద్యాల ప్రాంతపు సంఘములలో పెక్కు అప్పుడు ఆ ఐక్యములో చేరక వేరుగా నిలిచినవి. దూరపు సంఘములను కలుపుటకన్న ఇంటివారిని కలుపుట కష్టమని చెప్పుటకు వేరే దృష్టాంతమక్కరలేదు. కృష్ణా, గోదావరి ప్రాంతములు వేరొక అధ్యక్షఖండముగా విడిపోయినవి. డోర్నకల్లు నేటికిని బిషప్పు ఆసనస్థానమే. పూర్వము వరంగల్లు జిల్లాలో నుండిన ఆ పట్టణము 2016 మొదలు మహబూబాబాదు జిల్లాలో చేరినది. ఆ మహబూబాబాదే పాత మానుకోట.

ఇకమీదట అక్కడ బండి మారు విద్యార్థులకు ఒకటి రెండు సూచనలు. తరువాతి బండికి రెండు గంటల వ్యవధి యున్నచో మూటలను ఒకరికి అప్పగించి ఊరిలోనికి పొండు. గుడి ఎటున్నదని అడిగిన ఎవరైనను చూపుదురు. మొదట దూరమున నిలిచి గుమ్మటములను, మీనారులను చూడుడు. తరువాత దగ్గరికి పోయి స్తంభముల తామరలను చూడుడు. దూలమెక్కడ, కమానెక్కడ అని వెదకుడు. స్తంభములపై మేకుతో పేర్లు గీయుట మహాపరాధము. మన పాఠశాల బల్లలపై చూపిన నైపుణ్యమును అక్కడ చూపవలదు. లోపల ప్రార్థన జరుగుచున్నచో వెనుకనే కూర్చుండుడు. బయటికి వచ్చునపుడు బిషప్పుగారి సమాధిని చూచి రండు. తిరునల్వేలికిని ఆ సమాధికిని నడుమ ఎన్ని మైళ్ల దూరమున్నదో పటములో కొలిచి వచ్చినవారికి, ఈ ఏడు భూగోళ పరీక్షలో రెండు మార్కులు అదనముగా ఇచ్చుటకు భూగోళ ఉపాధ్యాయులు అంగీకరించియున్నారు.